నొప్పిని ఓర్చుకోవడమే భక్తియా?



రామచంద్రపురం చుట్టుపట్ల కాన్సరుతో మంచం పట్టినవారి కొరకు ప్రార్థించడానికి వెళ్ళినప్పుడు మేము తరచుగా రెండు మాటలు వింటూ ఉంటాము. “మార్ఫిన్ అంటే నల్లమందే కదండీ అయ్యగారూ, అలవాటైపోతుందేమోనండీ” అన్నది మొదటిది. “ప్రభువే సిలువ మీద మత్తు పుచ్చుకోలేదు కదండీ” అన్నది రెండవది. ఈ రెండు మాటల మధ్య రోగి తెల్లవార్లూ మూలుగుతూ ఉంటాడు.

నొప్పి దేవుడు శరీరానికి ఉంచిన కావలివాడు. ఈ సంగతి మన ఊరికి కొత్త కాదు. కెనడియన్ బాప్తిస్టు మిషనరీలు ఇక్కడ కుష్ఠురోగుల కొరకు ఆశ్రమము నెలకొల్పారు. ఆ వ్యాధిలో నరాలు దెబ్బతిని, చెయ్యి కాలినా తెలియదు. అయితే ఇంటిల్లిపాదీ మేలుకొన్న తరువాత కూడా కావలివాడు కేకలు వేస్తూనే ఉంటే ఏమి లాభం? ముదిరిన కాన్సరు నొప్పి అటువంటిది.

మార్ఫిన్ మెదడును మొద్దుబార్చి మాత్రమే పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. మెదడులో ఈ మందు పట్టుకునే గ్రాహకాలు ఉన్నవని 1973లో తేలింది. అవి చర్మము, కీళ్ళు, పేగులలోని నరాలలో కూడా కనబడ్డాయి. విరేచనాలు కట్టడానికి వాడే లోపెరమైడ్ ఈ జాతి మందే. తగిన మోతాదులో అది మెదడును తాకక పేగులలోనే పనిచేస్తుంది. 1991లో జర్మన్ వైద్యుడు క్రిస్టోఫ్ స్టైన్, ఆయన సహచరులు మోకాలి ఆపరేషన్ అయినవారికి కీలులోనికే 1 మిల్లీగ్రాము మార్ఫిన్ ఇచ్చారు. అంతే మందు రక్తనాళంలోనికి ఇచ్చినప్పటికంటే నొప్పి బాగా తగ్గింది.

మరి అలవాటు మాట? ఒకే మోతాదుకు క్రమంగా ఫలితం తగ్గడాన్ని డాక్టర్లు టాలరెన్స్ అంటారు. అది వ్యసనం కాదు. వాచిన కీళ్ళలో శరీరము తనంతట తాను ఇటువంటి పదార్థాలను తయారుచేసుకుంటున్నా, అక్కడ మార్ఫిన్ పట్టు సడలలేదని 1996లో వెల్లడైంది. మింగే మార్ఫిన్ ముఖ్యంగా మెదడు, వెన్నుపాములలో పనిచేస్తుంది గనుక మోతాదు పెంచవలసి రావచ్చు. అయినా కాన్సరు రోగులలో అందుకు కారణం తరచుగా వ్యాధి పెరగడమే. మొదట్లో వచ్చే మగత సాధారణంగా కొద్ది రోజులలో తగ్గుతుంది. మలబద్ధకం మాత్రం తగ్గదు, దానికి వేరే మందు అడగాలి. డాక్టరు చెప్పనిదే మోతాదు పెంచరాదు, హఠాత్తుగా మానరాదు.

ప్రభువు బోళము కలిపిన ద్రాక్షారసమును నిరాకరించిన మాట నిజమే (మార్కు 15:23). అది మన కొరకు ఆయన త్రాగవలసిన పాత్ర. ఇతరులను నొప్పితో విడిచిపెట్టుమని ఆయన ఎన్నడూ చెప్పలేదు. ఆయన మెచ్చిన సమరయుడు గాయమున్న చోటనే నూనెయు ద్రాక్షారసమును పోశాడు (లూకా 10:34).

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వలన మార్ఫిన్ నిలవ ఉంచడానికి ఆస్పత్రులకు పలు లైసెన్సులు కావలసి వచ్చేవి. 2014 సవరణతో గుర్తింపు పొందిన ఆస్పత్రులకు ఆ చిక్కు తగ్గింది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆస్పత్రిలో ఇందుకు ప్రత్యేక విభాగము ఉన్నది. మీ డాక్టరుగారిని సిగ్గుపడక అడగండి. నొప్పి తగ్గిన రోగి పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడగలడు, మనతో కలిసి ప్రార్థించగలడు.

సమస్తమైన ఆదరణ ననుగ్రహించు దేవుడు మీ గృహములకు తోడైయుండును గాక. ఆమేన్.