శనగగింజంత కెపాసిటరు

పిల్లలూ! కిందటేడు ఆదోనిలో ఒక పాఠశాలలో సైన్సు ప్రదర్శన జరిగింది. ఎమ్మిగనూరు నుంచి ఒక నేతపనివారి అమ్మాయి, దీపాలు మిణుకుమిణుకుమనే చిన్న యంత్రాన్ని కిట్టుతో తానే కూర్చి తెచ్చింది. అందులో శనగగింజంత పసుపుపచ్చని కెపాసిటరు ఒకటి ఉన్నది. దాని మీద పైన 10 అనీ, కింద 10 + అనీ రాసి ఉన్నది. అంటే పది మైక్రోఫారడ్లు, పది వోల్టులు.

"సార్, నా బాటరీ తొమ్మిది వోల్టులది. ఈ పది వోల్టుల కెపాసిటరు చాలునా?" అని అడిగింది.

"తొమ్మిది కంటె పది పెద్దదే గదమ్మా, చాలును" అన్నాను. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆలోచించకుండా అన్నమాట అది.

ప్రదర్శన మధ్యలో బాటరీ అయిపోయింది. "9 వోల్టులు" అని రాసి ఉన్న పాత అడాప్టరు తగిలించాము. టప్పుమని పేలింది! నిప్పురవ్వ లేచింది, ఘాటైన పొగ వచ్చింది. ఆ పిల్ల అప్పుడే తల ఎత్తింది కాబట్టి కళ్ళకు ప్రమాదం తప్పింది.

తరువాత మీటరు పెట్టి చూస్తే ఆ అడాప్టరు 13 వోల్టులు ఇస్తున్నది! బరువు లేని బండిని ఎద్దులు పరుగున లాగినట్లు, ఆ పాతరకం అడాప్టర్లు పని తక్కువైనప్పుడు పైన రాసినదాని కంటె ఎక్కువ వోల్టులు ఇస్తాయి.

ఆ కెపాసిటరు టాంటలం అనే లోహంతో చేసినది. ఈ లోహాన్ని 1802లో స్వీడన్ దేశస్థుడైన ఎకెబెర్గ్ కనిపెట్టాడు. గ్రీకు కథలలో టాంటలస్ అనే రాజు మెడలోతు నీళ్ళలో నిలబడి కూడా దాహం తీర్చుకోలేకపోతాడు. వంగితే నీళ్ళు వెనక్కు పోతాయి. ఈ లోహపు భస్మం కూడా ఆమ్లంలో ముంచినా ఆమ్లాన్ని పీల్చుకోలేదు. అందుకే ఆ పేరు పెట్టారు.

ఆదోని మార్కెట్టులో పత్తి చూశారు గదా? లోపలంతా సందులే. టాంటలం పొడిని అదిమి, కాల్చి చేసిన ముద్ద కూడా అటువంటిదే. ప్రతి రేణువు మీద విద్యుత్తుతో ఒక పలుచని పొర పెంచుతారు. అది వెంట్రుక మందంలో ఇంచుమించు వెయ్యోవంతు! వోల్టుల ఒత్తిడిని ఆపేది ఆ పొరే. సందులలో మాంగనీసు డయాక్సైడు నింపుతారు. పొర చిల్లిపడితే కరెంటు ఒక్కసారిగా పారుతుంది, వేడి పుడుతుంది. ఆ వేడికి మాంగనీసు డయాక్సైడు ప్రాణవాయువును విడుస్తుంది, టాంటలం అంటుకుంటుంది.

కాబట్టి ఈ లెక్క గుర్తుంచుకోండి: మనం ఇచ్చే వోల్టులకు కనీసం రెట్టింపు తట్టుకునే టాంటలం కెపాసిటరు వాడాలి. 5 వోల్టులకు 10, 9 వోల్టులకు 20 గాని 25 గాని, 12 వోల్టులకు 25 వోల్టులది. అడాప్టరు వాడితే దాని మీది రాతను నమ్మక, మీటరుతో కొలిచి లెక్క వేయండి.

"25 వోల్టులది పెడితే ఎక్కువ కరెంటు లాగదా?" అని ఆ పిల్ల అడిగింది. లాగదు. ఇరవై బస్తాలు మోయగల బండి, ఇరవై బస్తాలూ వేస్తేనే కదులుతానంటుందా? మైక్రోఫారడ్లు మాత్రం మార్చరాదు.

ఇంకొక చిక్కు ఉన్నది. మామూలు అల్యూమినియం కెపాసిటరు మీది చార ఋణధ్రువాన్ని చూపుతుంది. టాంటలం మీది + గుర్తు గాని, చార గాని ధనధ్రువాన్ని చూపుతుంది. తారుమారు చేస్తే తక్కువ వోల్టులకే పాడై పేలవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మాట. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు పిల్లల పక్కన ఉండండి. ముఖం దూరంగా ఉంచమనండి, కళ్ళకు అద్దాలు పెట్టండి. గోడ ప్లగ్గులోని కరెంటుతో ప్రయోగాలు చేయనివ్వకండి.

ఆ అమ్మాయి 25 వోల్టుల కెపాసిటరు తెచ్చి, + గుర్తు రెండుసార్లు చూసి అతికింది. దీపాలు మళ్ళీ మిణుకుమన్నాయి. "తప్పు నాదేనమ్మా" అన్నాను. పిల్లలు మంచి ప్రశ్న అడిగినప్పుడు పెద్దలు తొందరపడి జవాబు చెప్పరాదని ఆనాడు నేనే పాఠం నేర్చుకున్నాను.