బియ్యపు గింజంత సైనికుడు: 28 ఎం.ఎం. నుంచి 6 ఎం.ఎం. స్కేల్‌కి ఎలా మారాలి?

చరిత్ర యుద్ధాలను చిన్న చిన్న బొమ్మలతో టేబుల్ మీద ఆడే మన వార్‌గేమింగ్ ముచ్చట్లు ఇవి. వీడియో చూడలేనివాళ్ల కోసం, బస్సుల కూసొని చదువుకునేవాళ్ల కోసం ఈ ఎపిసోడ్‌ను ఇట్ల రాసి పెడుతున్నం.

ఈసారి టాపిక్ ఒక్కటే: కొత్త స్కేల్. ఇప్పటిదాకా 28 ఎం.ఎం. బొమ్మల గురించి మాట్లాడుకున్నం. ఇప్పుడు 6 ఎం.ఎం.కి పోదాం. ఎందుకు పోవాలి, ఎట్ల మొదలుపెట్టాలి, పైసలు ఎక్కడ వేస్ట్ అయితయి, ఏ కథకు ఈ స్కేల్ పనికిరాదు, అన్నీ చూద్దాం. ఉదాహరణకు దూరం పోవాల్సిన పని లేదు, మన కరీంనగర్, జగిత్యాల నేల మీద జరిగిన యుద్ధమే తీసుకుందాం.

ముందు, స్కేల్ అంటే ఏంది?

పది రూపాయల బిళ్ల జేబులో ఉంటే తీసి చూడండి. దాని అడ్డం కొలత 27 ఎం.ఎం. 28 ఎం.ఎం. బొమ్మ దాదాపు అంత ఎత్తు ఉంటది. ఇప్పుడు వంటింట్లకు పోయి ఒక సన్నబియ్యపు గింజ తీసుకోండి. దాన్ని నిలబెడితే అదే 6 ఎం.ఎం. సైనికుడు. తేడా అంత ఉంటది.

లెక్కలో చెప్పాలంటే 28 ఎం.ఎం. అంటే అసలు మనిషిలో సుమారు 56వ వంతు. కంపెనీని బట్టి ఇది కొంచెం అటూ ఇటూ అయితది. 15 ఎం.ఎం. అంటే దాదాపు 100వ వంతు, 6 ఎం.ఎం. అంటే దాదాపు 300వ వంతు. భుజం దగ్గర మూడు మీటర్లు ఎత్తుండే ఏనుగు 28 ఎం.ఎం. సైన్యంలో 5 సెంటీమీటర్లు దాటితే, 6 ఎం.ఎం. సైన్యంలో ఒక్క సెంటీమీటరే ఉంటది.

ఇంకో లెక్క చాలామంది చూడరు. ఎత్తు దాదాపు నాలుగున్నర రెట్లు తగ్గితే, బొమ్మకు పట్టే ముడిసరుకు అంతే తగ్గదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతయి కాబట్టి దాదాపు వంద రెట్లు తగ్గుతది. త్రీడీ ప్రింటర్‌లో ఒక 28 ఎం.ఎం. బొమ్మకు పట్టే రెజిన్‌తో వంద దాకా 6 ఎం.ఎం. బొమ్మలు వస్తయన్నట్టు.

బొమ్మ స్కేల్ వేరు, నేల స్కేల్ వేరు

కొత్తవాళ్లు ఎక్కువ తికమక పడేది ఇక్కడనే. విలుకాడు 200 మీటర్ల దూరం బాణం వేస్తడనుకోండి. 28 ఎం.ఎం. బొమ్మ లెక్కలో ఆ దూరం టేబుల్ మీద మూడున్నర మీటర్లు. అంత పెద్ద టేబుల్ ఎవరింట్ల ఉంటది? 6 ఎం.ఎం. లెక్కలో కూడా అది 67 సెంటీమీటర్లు అయితది. అందుకే దాదాపు అన్ని ఆటల్లో నేలను బొమ్మ కంటే ఇంకా ఎక్కువ కుదిస్తరు. బొమ్మ ఒక గుర్తు, నేల ఒక మ్యాప్.

ఇది కొత్త సంగతేం కాదు. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్‌విట్జ్ అనే అధికారి తయారుచేసిన క్రీగ్‌ష్పీల్ ఆటలో మనిషి బొమ్మలే లేవు. 8000వ వంతుకు కుదించిన మ్యాప్, దాని మీద చిన్న చిన్న దిమ్మెలు, అంతే. 1913లో హెచ్.జి. వెల్స్ రాసిన లిటిల్ వార్స్ పుస్తకంలో దానికి పూర్తిగా ఉల్టా: పెద్ద పెద్ద బొమ్మ సైనికులు నేల మీద, వాళ్ల మీదికి స్ప్రింగు ఫిరంగులు. 6 ఎం.ఎం. ఈ రెండింటి నడుమ ఉంటది. బొమ్మ బొమ్మలాగే కనిపిస్తది, కానీ సైన్యం సైన్యమంత కనిపిస్తది.

ఏ యుద్ధం ఆడాలి?

స్కేల్ ఎంచుకునేముందు కథ ఎంచుకోండి. కాకతీయ రుద్రదేవుడు 1158 నుంచి 1195 దాకా పాలించిండు. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో ఆయన విజయాల వరుస ఉంది. అందులో పొలవాస మేడరాజు, నగునూరు దొమ్మరాజు పేర్లున్నయి. పొలవాస అంటే జగిత్యాల దగ్గరి ఇప్పటి పొలాస. నగునూరు మన కరీంనగర్ పక్కనే ఉంది. మీరు బైక్ మీద పోయి చూసి రాగలిగే నేల మీద కాకతీయ రాజ్యం పెరిగింది.

రుద్రదేవుడికీ మేడరాజుకూ మధ్య యుద్ధం అంటే ఏనుగులు, గుర్రాలు, కాల్బలం. మన చదరంగంలో ఉన్న బలగాలే కదా. దీన్ని 28 ఎం.ఎం.లో పెడితే నలుగురు మనుషులు, ఒక ఏనుగు నిలబడి ఒక దళం అనిపించుకోవాలె. 6 ఎం.ఎం.లో అయితే అదే జాగాలో ఇరవై మంది నిలబడతరు. చూసే కంటికి అది గుంపు కాదు, సైన్యం.

బొమ్మలు కొనేముందు పెళ్లి కార్డులు కత్తిరించండి

ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి: రూపాయి ఖర్చు పెట్టకముందే మూడు ఆటలు ఆడండి.

మొదటి ఆటలకు డి బెల్లిస్ యాంటిక్విటాటిస్ అనే రూల్స్ బాగుంటయి. అందరూ డి.బి.ఏ. అంటరు. ఇంగ్లండ్‌కు చెందిన ఫిల్ బార్కర్, ఆయన తోటివాళ్లు 1990లో తెచ్చిన ఆట ఇది. ఒక్కో పక్షానికి 12 ముక్కలే. ముక్క అంటే ఒక బేస్, దాని మీద ఒక దళం. చిన్న స్కేల్స్‌కు ప్రతి బేస్ వెడల్పు 40 ఎం.ఎం. టేబుల్ 60 సెంటీమీటర్ల చదరం చాలు. పెద్ద బొమ్మలకు 60 ఎం.ఎం. బేస్ వాడితే, అదే లెక్కన 90 సెంటీమీటర్లు కావాలి.

ఇంట్ల పాత పెళ్లి కార్డులు ఉంటయి కదా. వాటి నుంచి 40 ఎం.ఎం. వెడల్పున 24 ముక్కలు కత్తిరించండి. కత్తి, డాలు పట్టిన కాల్బలానికి లోతు 15 ఎం.ఎం., గుర్రాలకు 30, ఏనుగులకు 40. పక్షానికి 2 ఏనుగులు, 3 గుర్రపు దళాలు, 4 కత్తి డాలు దళాలు, 3 విలుకాళ్ల దళాలు రాసుకోండి. మొత్తం 12. ఇది నేర్చుకోవడానికి నేను పెట్టిన లెక్క, చరిత్ర లెక్క కాదు. అందులో ఒక ముక్క మీద రాజు ఉంటడు.

లూడో పాచిక తీసుకోండి. ప్రతి వంతుకు ఒకసారి వేయాలి. ఎంత పడితే అన్ని కదలికలు. ఒకటి పడితే సైన్యం మొత్తంలో ఒక గుంపే మీ మాట వింటది. రాజు ఆజ్ఞ అందరికీ ఒకేసారి అందదనే సంగతి ఈ ఒక్క రూల్‌లోనే అర్థమైతది. రెండు దళాలు ఢీకొంటే ఇద్దరూ పాచిక వేసి తమ బలం కలుపుతరు. తక్కువ వచ్చినోడు సాధారణంగా వెనక్కి జరుగుతడు, అవతలోడిది రెట్టింపు అయితే చాలాసార్లు నాశనమైతడు. నాలుగు ముక్కలు పోయిన పక్షం, అవతలి పక్షం కంటే ఎక్కువ పోగొట్టుకుంటే, ఓడినట్టు. గంట లోపల ఆట అయిపోతది.

మూడు ఆటలు ఆడినంక కూడా మజా వస్తుందా? అప్పుడు బొమ్మల సంగతి చూద్దాం. రాకపోతే పోయింది పెళ్లి కార్డులే.

బొమ్మలు ఎక్కడివి, ఎన్ని?

పైన చెప్పిన సైన్యానికి నా లెక్క: కాల్బలం, విలుకాళ్లు ఒక్కో బేస్‌కు 20 చొప్పున 140 మంది. గుర్రాలు బేస్‌కు 9 చొప్పున 27. ఏనుగులు బేస్‌కు 2 చొప్పున 4. మొత్తం 171. రెండో పక్షానికి కూడా అంతే. భయపడకండి, 6 ఎం.ఎం. లోహపు బొమ్మలు విడివిడిగా కాకుండా చాలావరకు నలుగురు కలిసిన పట్టీగా వస్తయి. 140 మంది అంటే 35 పట్టీలే.

ఇంగ్లండ్‌లో బ్యాకస్ లాంటి కంపెనీలు ఈ సైజులోనే పనిచేస్తయి. అక్కడి నుంచి తెప్పిస్తే బొమ్మ ధర కంటే పోస్టేజీ, కస్టమ్స్ బరువైతయి. అందుకే నలుగురు దోస్తులు కలిసి ఒక్కసారే ఆర్డర్ పెట్టుకోవడం మేలు. రెండో దారి త్రీడీ ప్రింటింగ్. రెజిన్ ప్రింటర్ ఉన్నవాళ్లతో చేయించుకుంటే వివరాలు బాగా వస్తయి. గట్టిపడని రెజిన్‌ను మాత్రం ఉత్త చేతులతో ముట్టుకోవద్దు, గ్లవ్స్ వేసుకోండి, గాలి ఆడే చోట పనిచేయండి.

ఒక మాట: మొదట ఒక్క పక్షం కాదు, రెండు పక్షాలూ మీరే చేయండి. ఊర్ల ఇంకెవరి దగ్గరా ఈ స్కేల్ ఉండదు. రెండు సైన్యాలు మీ దగ్గరుంటే ఎవరింటికన్నా పోయి ఆడించొచ్చు. 342 బొమ్మలు, పాచికలు, కొలత పట్టీ, అన్నీ ఒక మిఠాయి డబ్బాలో పడతయి.

రంగులు: దగ్గర నుంచి కాదు, చెయ్యి చాపినంత దూరం నుంచి

28 ఎం.ఎం. అలవాటున్నవాళ్లు ఇక్కడ చెయ్యి మార్చుకోవాలి. కళ్లు, మీసం, నడుం పట్టీ అంచు, ఇవన్నీ మరిచిపోండి. పట్టీలను ఐస్‌క్రీమ్ పుల్లకు అంటించండి. మొత్తం నలుపు పూయండి. ఆ నలుపే తర్వాత నీడగా మిగులుతది. దాని మీద నాలుగు రంగులు చాలు: ఒళ్లు, బట్ట, డాలు, ఆయుధం. మీరు అనుకున్న రంగు కంటే ఒక మెట్టు ప్రకాశంగా వేయండి. చిన్న వస్తువు మీద రంగు ముదురుగా కనబడుతది.

ఫోన్ ఇక్కడ పనికొస్తది. పూసినంక అరచేతి దూరం నుంచి కాకుండా, చెయ్యి పూర్తిగా చాపి ఫొటో తీయండి. దాన్ని బ్లాక్ అండ్ వైట్‌కు మార్చండి. మనుషులు, డాళ్లు వేరువేరుగా కనిపిస్తే పని అయినట్టే. అంతా ఒకే బూడిదరంగు ముద్దలాగ ఉంటే డాళ్ల మీద ఇంకొంచెం లేత రంగు వేయండి. జూమ్ చేసి తప్పులు వెతకకండి. ఆటలో ఎవరూ జూమ్ చేయరు.

ఏ ఆయుధం ఎట్లుండేదో చూడాలంటే గుడికి పోండి. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి చుట్టూ ఏనుగుల వరుస ఉంది. అది రుద్రదేవుడి తర్వాతి కాలానిది, కానీ దగ్గరి కాలానిదే. ఒక ఏనుగు వెంట ఒకటి నడిచే తీరును ఫొటో తీసుకొని అదే తీరున బేస్ మీద పెట్టండి.

నేల మనదే

ఈ స్కేల్‌లో మన ప్రాంతానికి ఒక సౌలతు ఉంది. కరీంనగర్ అంటే గ్రానైట్. ఒక సెంటీమీటర్ గ్రానైట్ ముక్క 28 ఎం.ఎం. సైనికుడి పక్కన మోకాలెత్తు రాయి. అదే 6 ఎం.ఎం. సైనికుడి పక్కన మూడు మీటర్ల బండ. గుప్పెడు ముక్కలతో మన గుట్ట తయారైతది. పాత్రలు తోమే పచ్చ స్క్రబ్బర్‌ను తుంచితే చెట్లు. 15 మీటర్ల టేకు చెట్టు ఇక్కడ 5 సెంటీమీటర్లు, ఆదిలాబాద్ అడవి అరచేయంత జాగాలో పడుతది. మానేరుకు ఒక గోధుమరంగు గుడ్డ పట్టీ, నడుమ సన్నగా నీలం. ఎండకాలం మానేరు అట్లనే ఉంటది కదా.

బేస్ మీది మట్టికి నిర్మల్ బొమ్మల కళాకారుల పద్ధతి చూడండి. వాళ్లు పొనికి చెక్కతో బొమ్మలు చెక్కుతరు. రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపి ఆ ముద్దతో అతుకులు పూడుస్తరు. మనం వడ్రంగి దగ్గర పారేసే పొట్టు తెచ్చుకొని జిగురుతో కలిపి బేస్ మీద పలుచగా రాస్తే చాలు, ఎగుడుదిగుడు నేల వస్తది. పొనికి చెట్టు జోలికి మాత్రం పోకండి. వాళ్లకే అది దొరకడం కష్టమైంది.

ఈ స్కేల్ ఎక్కడ పనికిరాదు?

కామెంట్లలో జోడేఘాట్ ఆడొచ్చా అని అడుగుతున్నరు. నా జవాబు సూటిగా చెప్త. 6 ఎం.ఎం.లో మొఖం కనిపించదు. ఒక బేస్ తీసి పక్కన పెడితే వందల మంది పోయినట్టు, కానీ మనసుకు ఏమీ అనిపించదు. 12వ శతాబ్దపు రాజుల యుద్ధానికి అది నడుస్తది, ఎందుకంటే మనం అక్కడ రాజు లాగ ఆలోచించడం నేర్చుకుంటున్నం. జోడేఘాట్ అట్ల కాదు. 1940లో జల్, జంగల్, జమీన్ కోసం నిలబడ్డ కుమ్రం భీం, ఆయన మనుషుల మీద నిజాం పోలీసులు కాల్పులు జరిపిన చోటు అది. ఏటా వర్ధంతికి జనం పోయి మొక్కే జాగా. అక్కడ సమానంగా 12, 12 ముక్కలు పెట్టి పాచిక వేసే కథ లేదు. నేను దాన్ని టేబుల్ మీద పెట్టను. నిర్మల్‌లో 1860లో ఉరికంబమెక్కిన రాంజీ గోండు కథ కూడా అంతే. అవి చదవాల్సినవి, పోయి చూడాల్సినవి.

స్కేల్ అంటే సైజు ఒక్కటే కాదు, ఎంత దూరం నుంచి చూస్తున్నం అనేది కూడా. ఒక మనిషి కథ కావాలంటే 28కే ఉండండి. ఒక కోటలో పది మంది తలపడే చిన్న ఆటకు 28నే మేలు. రాజ్యం ఎట్ల గెలిచింది, ఎట్ల ఓడింది అనేది చూడాలంటే 6కి రండి. ఉన్న 28 బొమ్మలను అమ్ముకోవాల్సిన పని లేదు, రెండూ రెండు పనులకు.

మరి ఈ ఆదివారం పని: పెళ్లి కార్డులు, కత్తెర, లూడో పాచిక. మొదటి ఆటలో రుద్రదేవుడు గెలిచిండా, మేడరాజు గెలిచిండా కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఏనుగు దళం రంగులు మొదలు నుంచి చివరిదాకా వేసి చూపిస్త. అప్పటిదాకా ఉంటా మరి.