పిల్లలకు పొలమే పలక

రైతుబిడ్డకు అక్షరాభ్యాసము చేయుటకు మంచి దినము చూతుము. పలకయు బలపమును కొందుము. శ్రమపడియైనను బడికి పంపుదుము. ఇది మెచ్చదగిన పనియే. కాని పదియేండ్లు చదివిన పిల్లవానిని చేనిగట్టున నిలిపి, "ఈ ఆకుపై నున్న పురుగు మనకు మిత్రమా, శత్రువా?" యని యడిగినచో జవాబు చెప్పగలవా రరుదు. ఆ బిడ్డయే రేపు ఆ భూమికి యజమాని. పురుగును గుర్తింపలేనివాడు పొరుగువాడు మందు కొట్టెనని తానును కొట్టును. ఆ ఖరీదు అప్పుపద్దులో చేరును. కావున పిల్లలను పొలమునకు గొనిపోయి చూపి నేర్పుట కేవలము వినోదము గాదు. అది సేద్యములో నొక భాగము.

ఇందుకు జీతము లేదు, పంతులు లేడు. వారమున కొక ఉదయము తల్లిదండ్రులు, పిల్లలు, ఓపిక యున్నచో తాతయు అవ్వయు గూడ కలిసి పొలమునకు పోవలెను. వెంట నొక చిన్న పుస్తకము, ఒక కొలబద్ద యుండిన చాలును. చూచుట, లెక్కించుట, వ్రాయుట, సాయంకాలము దీపము వద్ద కూర్చుండి మాటలాడుకొనుట: ఈ నాలుగే పాఠక్రమము.

వానపాములు

ఇంటిల్లిపాదియు గూడి ప్రకృతిని పరీక్షించుటకు మంచి నిదర్శన మొకటి గలదు. ఇంగ్లండులోని డౌన్ గ్రామమున కాపురముండిన చార్లెస్ డార్విన్ అను శాస్త్రజ్ఞుడు వానపాములను మట్టికుండీలలో పెట్టి తన యింటనే పరీక్షించెను. వానికి చెవులు గలవో లేవో తెలిసికొనుటకై వాని దగ్గర ఈల వేసిరి, బసూన్ అను వాద్యము నూదిరి, పియానో వాయించిరి. అవి లక్ష్యపెట్టలేదు. కుండీలను పియానోమీదనే యుంచి మీట నొక్కినంతనే బొరియలలోనికి దూరినవి. శబ్దము వినలేకున్నను అవి అదురును గ్రహించునని దీనివలన తేలినది.

ఆయన 1842లో ఒక పచ్చికబీటిపై సుద్దముక్కలు చల్లించి, 1871లో అచ్చట గొయ్యి త్రవ్వించెను. ఆ 29 సంవత్సరములలో సుద్ద 7 అంగుళముల లోతునకు దిగియుండెను. వానపాములు క్రిందిమట్టిని తిని పైకి తెచ్చి కుప్పలుగా విడిచినందున సుద్ద పూడిపోయినది. పెక్కుచోట్ల ఎకరమునకు ఏటేట 10 టన్నులకు మించిన మట్టి యిట్లు పైకి వచ్చునని లెక్కగట్టి, 1881లో ఆయన గ్రంథము ప్రకటించెను.

మన పిల్లలును ఈ పని చేయగలరు. గాజుసీసాలో ఒక వరుస ఇసుక, ఒక వరుస నల్లమట్టి పోసి, కొంచెము తడిపి, నాలుగు వానపాములను విడిచి, పైన ఎండుటాకులు వేసి, సీసాకు గుడ్డ చుట్టి నీడను ఉంచవలెను. పక్షము దినముల తరువాత వరుస లెట్లు కలిసిపోయినవో చూచి, బొమ్మ గీయవలెను. పిదప వానపాములను చేనిలో విడువవలెను. ఎరువు వేసిన మడిలో నెన్ని కుప్పలున్నవి, వేయని మడిలో నెన్ని యున్నవి యని లెక్కించినచో పెద్దలకును తెలియవలసినది తెలియును.

వరిచేను

నాటిన వరిచేనిలో పిల్లలు అక్కడక్కడ పది దుబ్బులను ఎన్నుకొని, ఆకులను మెల్లగా ప్రక్కకు వంచి మొదళ్లను చూడవలెను. సుడిదోమ నీటికి కొంచెము పైన మొదళ్లను పట్టి రసము పీల్చుచుండును. దాని చెంతనే సాలెపురుగు పొంచియుండును. వలపన్నక పరుగెత్తి వేటాడు తోడేలు సాలెపురుగు దినమునకు 5 మొదలు 15 వరకు పురుగులను తినగలదు. మిరిడ్ నల్లి యనునది దోమగ్రుడ్లను పీల్చివేయును. తూనీగయు అక్షింతలపురుగును మన పక్షమువే. పుస్తకమున రెండు వరుసలు గీచి, ఒకదాన మిత్రులను, మరొకదాన శత్రువులను దుబ్బువారీగా వ్రాయవలెను.

ఇంటియొద్ద రెండు సీసాలలో వేళ్లతోగూడిన వరిపిలక నొక్కొక్కటి నాటి, రెంటను పదేసి దోమలను విడిచి, ఒకదానిలో మాత్రము సాలెపురుగును చేర్చి, పలుచని గుడ్డ కట్టవలెను. మరునాడు పిల్లలే దోమలను లెక్కించి, సాలెపురుగు చేసిన పని యేమో చెప్పుదురు.

ఈ లెక్కలో పెద్దల లాభమును గలదు. దోమ తన గ్రుడ్లను ఆకుతొడిమ పొరలలో దాచిపెట్టును. విచక్షణ లేక మందు కొట్టినపుడు సాలెపురుగులు చచ్చును. దాగిన గ్రుడ్లు మిగులును. అవి పిగిలి వచ్చునప్పటికి తినువాడు లేడు గనుక దోమ మునుపటికంటె హెచ్చును. ఇండోనేషియా దేశము ఈ నష్టమును చవిచూచి, 1986లో 57 రకముల మందులను వరిపై వాడరాదని నిషేధించెను. 1989లో అచ్చట రైతులు వారమున కొకసారి చేలో కూడి పురుగులను లెక్కించు బడులు ఆరంభమయ్యెను. మన వ్యవసాయశాఖవారు నడపిన పొలంబడియు ఈ జాతిదే. పెద్దలు నేర్చిన ఈ విద్యను మన యింట పిల్లలతో గూడి నేర్చుట కడ్డంకి యేమున్నది?

వానలెక్క

సమానమైన అడుగు, నిట్రమైన ప్రక్కలు గల డబ్బా నొకటి ఆరుబయట, చెట్టునకును చూరునకును దూరముగా నుంచవలెను. వాన వెలిసినపిదప పిల్లలు కొలబద్దతో నీటిని కొలిచి, తేదీయు కార్తెయు వ్రాయవలెను. ఒక మిల్లీమీటరు వానయనగా ఎకరమునకు 4,000 లీటర్లకు పైచిలుకు నీరు. నాడే తండ్రి చేనిలో పారతో త్రవ్వి తడి యెంతలోతు దిగినదో చూపినచో, పదునను మాటకు అర్థము బిడ్డకు కంటి కగుపడును. మృగశిర, ఆరుద్ర కార్తెలలో గత సంవత్సర మెంత, ఈ సంవత్సర మెంత యని ఆ పుస్తకమే చెప్పును.

హెచ్చరిక

మందు కొట్టిన చేనిలోనికి పిల్లలను రానీయరాదు. మందు సీసాలను పరీక్షలకు వాడరాదు. గట్లపై పాములుండును గనుక చెప్పులు తొడిగి, పెద్దలు కఱ్ఱతో ముందు నడువవలెను. సాయంకాలము మాటలాడునపుడు బిడ్డ తప్పు చెప్పినను పరిహసింపక, "రేపు మరల చూతము" అనవలెను. ఆడపిల్లలను ఇంట నిలిపి మగపిల్లలనే తీసికొనిపోవుట తగదు. నాట్లును కలుపులును ఎవరి చేతిమీద జరుగుచున్నవో మనమెఱుగుదుము.

సహకార సంఘ సభ్యులకు పద్దుపుస్తకము విలువ క్రొత్తగా చెప్పనక్కరలేదు. పిల్లలు వ్రాయు పుస్తకము పొలమునకు పద్దుపుస్తకము. సంఘము సమావేశమైనపుడు కొందరు బాలబాలికలచే తమ లెక్కలను చదివించినచో, ఒక చేనిలోని సంగతి పది చేలకు నుపయోగపడును. ఈ కారుననే ప్రతి సభ్యుని యింట నొక పుస్తకము తెరువబడుగాక యని కోరుచున్నాము.