టర్బో ఇంజను ఎందుకు వేడెక్కును? లోపమును కనుగొను విధము

నేడు గ్రామములలో కారు గాని జీపు గాని అపురూపమైన వస్తువు కాదు. అర్ధరాత్రి పురుటినొప్పులు పడుచున్న స్త్రీని ఆసుపత్రికి చేర్చవలసివచ్చినపుడు, 108 వాహనము వచ్చుటకు ఆలస్యమగుచో, ఊరిలోనున్న ఆ ఒక్క కారే దిక్కగును. ఇట్టి వాహనములలో డీజిలుతో నడచునవి దాదాపు అన్నియు టర్బో అమర్చిన ఇంజనులు గలవే. నడిదారిలో అట్టి ఇంజను ఆవిరి క్రక్కుచు నిలిచిపోయినచో లోపలనున్న రోగి గతి ఏమి? పిమ్మట వచ్చు మరమ్మతు ఖర్చు మాట వేరే చెప్పనక్కరలేదు. వాహనము పంచాయతీదైనచో ఆ ఖర్చును సభ్యులే తీర్మానించి చెల్లింపవలసియుండును. తెలంగాణములో 2019లో పల్లె ప్రగతి కార్యక్రమము ఆరంభమైన తరువాత గ్రామపంచాయతీలకు ట్రాక్టర్లు, నీటి ట్యాంకర్లు సమకూడినవి. టర్బో లేని ట్రాక్టరుకును ఇచట వ్రాయునదానిలో పెక్కుభాగము వర్తించును. సభ్యులు మెకానిక్కులు కానక్కరలేదు. మెకానిక్కును ఏమి అడుగవలెనో తెలిసియున్న చాలును.

టర్బో అనగా ఇంజను నుండి బయటికి పోవు పొగ బలముతో తిరుగు ఒక చక్రము. దాని ఇరుసుకు రెండవ కొసనున్న చక్రము బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోనికి పంపును. గాలి ఎక్కువైనకొలది ఎక్కువ ఇంధనమును మండింపవచ్చును గనుక చిన్న ఇంజనే పెద్ద బరువును లాగగలదు. స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో దీనికి పేటెంటు పొందెను. అమెరికాలో 1962 నాటికి ఇది కార్లలోనికి వచ్చినది.

ఐతే బలముతోపాటు వేడియు పెరుగును. ఇంధనము మండగా పుట్టు వేడిలో సుమారు మూడవవంతు మాత్రమే చక్రములను త్రిప్పుటకు వినియోగపడును. మరియొక మూడవవంతు పొగతో వెడలిపోవును. తక్కిన దానిలో అధికభాగమును ఇంజను చుట్టును తిరుగు నీరు మోసికొనిపోవలెను. డీజిలు ఇంజనుపై భారము పడినపుడు టర్బోలో ప్రవేశించు పొగ 700 డిగ్రీల సెంటిగ్రేడును దాటవచ్చును. ఒత్తబడిన గాలి కూడ వేడెక్కును. సైకిలు పంపు కొట్టునపుడు దాని అడుగు కాలుట అందరును ఎరిగినదే. ఆ గాలిని చల్లార్చుటకు ఇంటర్‌కూలరు అను మరియొక జల్లెడవంటి పెట్టె అమర్చబడును. పెక్కు కార్లలో ముందు ఏసీ కండెన్సరు, ఇంటర్‌కూలరు, వాటి వెనుక నీటి రేడియేటరు ఒకదాని వెంట ఒకటి నిలిచియుండును. బయటినుండి చూచువానికి ముందటిది మాత్రమే కనబడును. అది శుభ్రముగానున్నంత మాత్రమున వెనుకటివి శుభ్రముగానున్నవని తలచరాదు. మన ఊళ్ళలో రోడ్లమీదనే ధాన్యము ఎండబోయుట, తూర్పారబట్టుట వాడుక. ఆ పొట్టు, ప్రత్తి నూగు, పురుగులు ఈ పెట్టెల నడుమ దుప్పటివలె పేరుకొనును.

రోగమును కనుగొనుటకు మొదటి ప్రశ్న ఒక్కటే: వేడి ఎప్పుడు ఎక్కుచున్నది? దీనికి డ్రైవరు సరియైన సమాధానము చెప్పగలిగినచో సగము పని పూర్తియైనట్లే.

బండి నిలిచియున్నపుడు, సంతలో మెల్లగా పోవునపుడు వేడెక్కి, హైవేమీద వేగమందుకొనగానే ముల్లు దిగిపోవుచున్నచో, లోపము చాలవరకు ఫ్యానులోనిదే. వేగముగా పోవునపుడు ఎదురుగాలియే రేడియేటరును చల్లార్చును. నిలిచినపుడు ఆ పని ఫ్యాను చేయవలెను. ఫ్యూజు కాలినదా, రిలే పనిచేయుచున్నదా, మోటారు తిరుగుచున్నదా అని చూడవలెను. ఏసీ వేయగానే ఫ్యాను తిరుగుట అనేక కార్లలో వాడుక గనుక, ఇది ఖర్చులేని పరీక్ష.

దీనికి విరుద్ధముగా, ఊరిలో బాగుగానుండి, శ్రీశైలము ఘాటు ఎక్కునపుడో నిండు లోడుతో దూరము పోవునపుడో ముల్లు పైకి ప్రాకుచున్నచో ఫ్యానును నిందింపరాదు. నీరు చాలినంత ప్రవహించుటలేదు, లేదా రేడియేటరు వేడిని వదలలేకున్నది. పెట్టెల నడుమ పొట్టు, గొట్టములలో పాచు, నీటి పంపు రెక్కల అరుగుదల, వేగము హెచ్చినపుడు లోనికి పీల్చుకొని ముడుచుకొను క్రింది గొట్టము, ఇవి చూడదగినవి. టర్బో బండ్లలో మరియొకటి కలదు. ఇంటర్‌కూలరుకు పోవు రబ్బరు గొట్టము చీలినచో గాలి దారిలోనే పోవును. బండి లాగదు, నల్లపొగ వదలును, డ్రైవరు మరింత త్రొక్కును, పొగ వేడి పెరుగును. అట్టిచోట రేడియేటరు మార్చిననూ ప్రయోజనముండదు.

బయలుదేరిన కొన్ని నిమిషములకే ముల్లు ఎఱ్ఱగీతను చేరినచో నీరు తక్కువై యుండవలెను, గాలి చిక్కియుండవలెను, లేదా థర్మోస్టాటు మూసికొనిపోయియుండవలెను. థర్మోస్టాటు అనునది సాధారణముగా 80 నుండి 90 డిగ్రీల నడుమ తెరచుకొను చిన్న తలుపు. చల్లని ఇంజను నడిపించినపుడు పై గొట్టము కొంతసేపు చల్లగానే యుండి, తలుపు తెరువగానే త్వరగా వేడెక్కవలెను. ఇంజను మండిపోవుచుండగా రేడియేటరు చల్లగానున్నచో ఆ తలుపు తెరచుకొనలేదన్నమాట. మన డ్రైవర్లలో కొందరు వేసవి రాగానే థర్మోస్టాటును పీకి పారవేయుట కలదు. ఇది వైద్యము కాదు. ఇంజను తగిన వేడికి రాక ఇంధనము వృథాయగును, సిలిండరు త్వరగా అరుగును. కొన్ని ఇంజనులలో థర్మోస్టాటు అడుగుబిళ్ళ అడ్డదారిని మూయును. దానిని తీసివేసినచో కొంత నీరు రేడియేటరుకు పోకయే తిరిగివచ్చి వేడి మరింత పెరుగును.

ఇక నీరు తగ్గిపోవుట. క్రింద తడి కనబడినచో తెలిసికొనుట సులువు: గొట్టముల కొసలు, నీటి పంపు క్రిందనుండు చిన్న రంధ్రము, రేడియేటరు అంచులు. టర్బోకే నీటి గొట్టములు పోవు ఇంజనులలో కారిన నీరు ఆ కాలిన లోహముమీదనే ఇగిరిపోవును. నేలమీద ఒక్క చుక్కయు పడదు. ఎండిన తెల్లని లేక రంగుమరక మాత్రము మిగులును. చల్లారిన తరువాత టార్చిలైటుతో చూడవలెను.

మరకయు లేక నీరు తగ్గుచున్నచో అది లోపలికి పోవుచున్నది. ఇచటనే ఎక్కువ ధనము వ్యర్థమగుచున్నది. తెల్లపొగ చూచిన వెంటనే “హెడ్ గాస్కెట్టు పోయినది, ఇంజను విప్పవలెను” అనుట పరిపాటి. విప్పుటకు ముందు మూడు విషయములు అడుగవలెను. ఉదయము చల్లని ఇంజను నడిపించిన ఒకటి రెండు నిమిషములలోనే పై గొట్టము రాయివలె బిగియుచున్నదా? నీటి డబ్బాలో బుడగలు ఎడతెగక వచ్చుచున్నవా? పొగ కలిసినచో నీలిరంగు నుండి పసుపునకు మారు ద్రవముతో ఆ డబ్బాపై పరీక్ష చేసితిరా? ఇవి నిజమైనచో మంటవాయువు నీటిలో చేరుచున్నది, గాస్కెట్టును గాని పగిలిన హెడ్డును గాని అనుమానింపవచ్చును. టర్బో ఒత్తిడి వలన ఈ లోపము మొదట భారముమీద మాత్రమే బయటపడును. ఊరక నడిపినపుడు అంతయు బాగుగానే తోచును. నేటి డీజిలు బండ్లలో పొగలో కొంతభాగమును చల్లార్చి తిరిగి ఇంజనులోనికి పంపు ఈజీఆర్ కూలరు కూడ కలదు. అది లోపల చీలినను నీరు తగ్గును, తెల్లపొగ వచ్చును. దానిని విడిగా ఒత్తిడిపెట్టి పరీక్షించుట హెడ్డు విప్పుటకన్న చాల తక్కువ పని. చలికాలపు ఉదయమున కనబడి కొలదిసేపటికే పోవు తెల్లని ఆవిరి మాత్రము రోగము కాదు.

నీటి విషయము. మన జిల్లాలలో బోరునీరు పెక్కుచోట్ల చప్పగానో ఉప్పగానో యుండి సున్నము నిండియుండును. బిందె అడుగున కట్టు తెల్లని పెచ్చే ఇంజను లోపలను కట్టును. తయారీదారు చెప్పిన కూలెంటును స్వేదజలముతో కలిపి పోయవలెను. ఒక రకముతో మరియొక రకము కలిపినచో కొన్నిమారులు జిగురువలె గడ్డకట్టును. అత్యవసరమైనచో ఏ మంచినీరైనను పోయవచ్చును గాని, ఊరు చేరిన పిదప మార్పించవలెను.

ముల్లు ఎఱ్ఱగీత చేరినపుడు ఏసీ ఆపి, ప్రక్కకు నిలిపి, ఇంజను ఆపవలెను. ఆవిరి వచ్చుచుండగా ముల్లు హఠాత్తుగా క్రిందికి దిగినచో సంతసింపరాదు. నీరు లేక సెన్సారు గాలిలో నున్నందున అట్లు చూపవచ్చును. మూత మాత్రము తెరువరాదు. మూత బిగువులో నీరు 100 డిగ్రీలు దాటియు మరుగక యుండును. ఒత్తిడి ఒక కిలో హెచ్చుగా నున్నచో 120 డిగ్రీల వరకు మరుగదు. మూత విప్పగానే ఆ ఒత్తిడి పోయి, నీరు ఒక్కసారిగా మరిగి ఆవిరితోపాటు ముఖముమీదికి చిమ్మును. గుడ్డ చుట్టి త్రిప్పిననూ ఇంతే. కనీసము అరగంట, గొట్టము చేతితో పట్టగలుగువరకు ఆగవలెను. మండుచున్న ఇంజనుమీద చన్నీళ్ళు చల్లినచో అల్యూమినియపు హెడ్డు పగులవచ్చును. ఎవరికైన కాలినచో ఆ భాగమును ఇరువది నిమిషములు చల్లని పారునీటిలో ఉంచవలెను; సిరా, పేస్టు, పసుపు పూయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. రోగి యున్న బండియైనచో డ్రైవరు బండితో పెనుగులాడక వెంటనే వేరు వాహనమునకు ఫోను చేయవలెను.

ఘాటు ఎక్కి వచ్చిన వెంటనే ఇంజను ఆపక ఒకటి రెండు నిమిషములు ఊరక నడువనిచ్చుట టర్బోకు మేలు. ఆపిన మరుక్షణమున నూనె ప్రవాహము నిలిచి, ఇరుసు దగ్గరనున్న నూనె మాడిపోవును.

మరమ్మతు పూర్తియైన తరువాత బిల్లు చెల్లించుటకు ముందు, చల్లని ఇంజనుమీద నీటి డబ్బాపై గుర్తు పెట్టి, బండిని ఇరువది కిలోమీటర్లైన లోడుతో నడిపి, రాత్రి నిలిపి, ఉదయము చూడవలెను. చిక్కిన గాలి బయటికి వచ్చుటచే మొదటిసారి నీరు కొంచెము దిగుట సహజము. మరల పోసి గుర్తు పెట్టవలెను. రెండవ ఉదయమునను దిగినచో లోపము ఇంకను లోపలనే యున్నది.