ఆత్మరక్షణ హక్కు – పోలీసు బలప్రయోగము

"దుండగుడు ఎదురుపడినపుడు తిరిగి కొట్టవచ్చునా, పారిపోవలెనా?" అని పిల్లలు అడుగుట కలదు. ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయరాదు. మన తెలుగువారు తరతరములుగా కాపురముండు ముంబయి నగరమే ఈ విషయమున కఠినమైన పాఠము నేర్పినది.

2008 నవంబరు 26వ తేదీ రాత్రి ఛత్రపతి శివాజీ టెర్మినస్ స్టేషనులో ఇద్దరు సాయుధులు ప్రయాణికులపై కాల్పులు జరిపిరి. అచటి పోలీసులలో పలువురి చేతులలో లాఠీలు, పాతకాలపు రైఫిళ్లు మాత్రమే ఉండెను. అప్పుడు ప్రకటనలు చేయు రైల్వే ఉద్యోగి యొకరు ఏ వైపునుండి బయటపడవలెనో పదే పదే చెప్పి అనేకుల ప్రాణములు కాపాడిరి. ఆ రాత్రియే గిర్గాం చౌపాటీ వద్ద తుకారాం ఓంబ్లే అను పోలీసు ఉద్యోగి హంతకుని తుపాకి గొట్టమును పట్టుకొని, గుండ్లు దేహమున దిగుచున్నను విడువక, అసువులు బాసిరి. 2009లో ఆయనకు మరణానంతరము అశోకచక్రము లభించినది. హంతకుడు ప్రాణములతో చిక్కెను గనుకనే కుట్రమూలములు బయల్పడినవి. న్యాయస్థానమున విచారణ జరిగి, 2012 నవంబరు 21న అతనికి ఉరిశిక్ష అమలైనది.

ఇక చట్టము మాట. 1860 నాటి శిక్షాస్మృతిలోని ఆత్మరక్షణ హక్కు, 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 34 మొదలు 44 వరకు గల సెక్షనులలో నిలిచియున్నది. తన దేహమునే గాక పరుల దేహమును కూడ రక్షించు హక్కు ప్రతివానికి కలదు. అపాయము కలుగునను సహేతుకమైన భయముతో ఆ హక్కు పుట్టును; ఆ భయము తొలగినంతనే అంతరించును. ప్రాణమునకో, తీవ్రమైన గాయమునకో భయమున్నపుడు ఎదిరి ప్రాణము పోయినను నేరము కానేరదు. కాని రక్షణకు కావలసినంతకు మించి హాని చేయరాదు. పోలీసుల నాశ్రయించుటకు వ్యవధి యున్నచో ఈ హక్కే లేదు.

కనుక పట్టువడి, నిరాయుధుడై, కట్టుబడియున్న వానిని గుంపుగూడి కొట్టుట ఆత్మరక్షణ కాదు, అది నేరము. తన యెదుట ఘోరనేరము చేసినవానిని పట్టుకొను అధికారము పౌరునకు చట్టమే యిచ్చినది. అయితే ఆలస్యము చేయక, ఆరు గంటలలోపుగా పోలీసులకు అప్పగింపవలెను. అయిదుగురు గాని అంతకు మించి గాని కలిసి, కులము, జన్మస్థలము, భాష మున్నగు కారణములచే ఒకని చంపినచో, వారిలో ప్రతివానికి మరణశిక్షయో యావజ్జీవ శిక్షయో కలదు. ఈ వాక్యమున "భాష" అను మాట యున్నదని పరభాషా ప్రాంతమున బ్రదుకు మనము మరువరాదు. అది మనలను కాపాడును, మనలను కట్టడియు చేయును.

పోలీసులకును హద్దులు కలవు. అరెస్టును ప్రతిఘటించువానిపై అవసరమైనంత బలము వాడవచ్చును; కాని మరణశిక్షకో యావజ్జీవ శిక్షకో తగిన నేరము మోపబడని వానిని అరెస్టు కొరకై చంపు హక్కు వారికి లేదు. పోలీసు కాల్పులలో మరణము సంభవించినచో స్వతంత్ర దర్యాప్తును, మేజిస్ట్రేటు విచారణయు జరుగవలెనని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించినది. సాహసించిన పోలీసును గౌరవించుటయు, పోలీసును ప్రశ్నించు న్యాయమును గౌరవించుటయు ఒకదానికొకటి విరుద్ధములు కావు.

తల్లిదండ్రులకు మా విన్నపమిది. పిల్లలకు మొదట తప్పించుకొని పోవుట నేర్పుడు. అది పిరికితనము కాదు. దాగియుండుట, చప్పుడు చేయకుండుట, అపాయము తొలగిన చోటి నుండి 112కు ఫోను చేసి స్థలము స్పష్టముగా చెప్పుట నేర్పుడు. వేరు దారి లేనపుడే ఎదిరింపవలెనని చెప్పుడు. అన్నిటికంటె ముఖ్యముగా, గుంపు చేయి ఎత్తినపుడు తన చేయి దించుకొను ధైర్యమును నేర్పుడు. ఆ ధైర్యము బడిలో సగము, ఇంటిలో సగము అలవడవలసినది.