డిస్కును తీసే ముందు

గత విద్యాసంవత్సరంలో మన వార్షిక సంచికల పాత ప్రతులను స్కాను చేయించి, ఆ పుటలన్నింటినీ లైనక్స్ కంప్యూటరు నుండి ఒక యు.ఎస్.బి. హార్డ్ డిస్కులోనికి ఎక్కించాము. నకలు పూర్తయినట్లు తెరమీద కనబడగానే నేనే తీగను లాగివేశాను. మరునాడు చూడగా చివర ఎక్కించిన పుటలు కొన్ని తెరుచుకొనలేదు. ఉర్దూ విభాగంలో కాతిబు చేతివ్రాతతో అచ్చయిన పుటలు వానిలోనివే. అసలు ప్రతులు చెదల పాలు కాకుండా మిగిలి ఉండబట్టి మరల స్కాను చేయగలిగాము.

పూర్తయిన పని ఎట్లు పోయినది? నిజానికి అది పూర్తి కాలేదు. వ్రాయవలసిన సమాచారాన్ని లైనక్స్ వెంటనే డిస్కుపై వ్రాయదు. డిస్కు నెమ్మది, ర్యామ్ వేగం ఎక్కువ. కనుక ముందు ర్యామ్‌లో ఉంచుకొని, పని అయినదని ప్రోగ్రాముకు జవాబిస్తుంది. కార్యాలయంలో గుమాస్తా అర్జీ పుచ్చుకొని రసీదు ఇచ్చివేసి, రిజిస్టరులో సాయంకాలం ఎక్కించుకొన్నట్లు! సాధారణపు అమరికలో కెర్నెల్ 5 సెకన్లకొకసారి మేల్కొని, 30 సెకన్లకు పైగా నిలిచిపోయిన సమాచారాన్ని డిస్కుకు పంపుతుంది. నేను తీగ లాగినది ఈ మధ్యకాలంలోనే.

'సింక్' అనే ఆదేశం ఆ బాకీని అప్పటికప్పుడు తీరుస్తుంది. పాత యూనిక్స్ యంత్రాలలో సింక్ పనిని పురమాయించి, అది ముగియకముందే తిరిగి వచ్చేది. అందుచేత నిర్వాహకులు దానిని మూడు మారులు టైపు చేసేవారని చెప్పుకొంటారు. లైనక్స్‌లో ఒక్కమారు చాలును, వ్రాత ముగిసేవరకు అది వేచి ఉంటుంది. అయితే సింక్ తరువాత కూడ ఫైలు వ్యవస్థ తెరిచియే ఉంటుంది. దానిని మూయునది 'యుమౌంట్'. అన్‌మౌంట్ అన్న మాటలోని 'ఎన్' ఈ ఆదేశంలో లేదు. కొత్తవారందరూ ఇక్కడ తడబడతారు. మిగిలిన వ్రాత ఏదైనా ఉంటే యుమౌంట్ కూడ దానిని ముగించియే వదలుతుంది. డిస్కు పనిలో ఉన్నదని అది నిరాకరిస్తే, ఏదో ఫైలు తెరిచి ఉన్నదన్నమాట. లేదా మన టెర్మినలే ఆ డిస్కులోని ఫోల్డరులో నిలిచి ఉన్నది. 'ఎల్ఎస్ఓఎఫ్' ఆ ప్రోగ్రాము పేరు చెబుతుంది. విసిగి తీగ లాగరాదు.

ఇంతటితో సమాచారం భద్రమే. కాని హార్డ్ డిస్కు లోపలి పళ్ళెం ఇంకను తిరుగుతూనే ఉంటుంది. చిన్న డిస్కులలో తరచు నిమిషానికి 5400 చుట్లు. చదివే తల దానిపై పలుచని గాలిపొరమీద తేలుతుంది. విద్యుత్తు హఠాత్తుగా పోతే, తిరుగుతున్న పళ్ళెపు శక్తితోనే తల తన గూటికి చేరుతుంది. ఆ టక్కుమనే శబ్దం అదే. ఇట్టి అత్యవసరపు తిరోగమనాలను అనేక డిస్కులు లెక్కపెట్టి ఉంచుకొంటాయి. మాటిమాటికీ జరిగితే యంత్రానికి మంచిది కాదు.

అందుకే చివరి ఆదేశం: 'యూడిస్క్స్‌సీటీఎల్ పవర్-ఆఫ్ -బి /డెవ్/ఎస్‌డీబీ'. ఇక్కడ ఎస్‌డీబీ అన్నది మొత్తం డిస్కు పేరు. యుమౌంట్‌కు ఇచ్చే ఎస్‌డీబీ1 అందులోని భాగం మాత్రమే. మీ యంత్రంలో అక్షరం వేరు కావచ్చును. 'ఎల్ఎస్‌బీఎల్‌కే' అని అడిగి, పరిమాణాన్ని బట్టి పోల్చుకొనవలెను. ఒకే పెట్టెలో రెండు డిస్కులుంటే ఒకదానిని ఆర్పినప్పుడు రెండవదీ ఆరిపోవచ్చును గనుక రెండింటినీ ముందే యుమౌంట్ చేయాలి. తిరిగే పళ్ళెం లేని పెన్ డ్రైవుకు సాధారణంగా యుమౌంట్‌తోనే సరిపోతుంది.

డిస్కుపై అరచేయి ఆనించి చూడండి. సన్నని కదలిక క్రమంగా తగ్గి కొన్ని సెకన్లలో నిలిచిపోతుంది. తీగను అప్పుడు తీయవచ్చును.