విద్యార్థి కల్పన యెవరిది?

బందరున 2008లో కృష్ణా విశ్వవిద్యాలయము వెలసినది. గుడివాడ ప్రాంతమునను ఇంజనీరింగు చదువునకు వసతి కలిగినది. సంతోషమే. కాని మన పిల్లవాడు చదువుకొనుచు తన బుద్ధితో నొక క్రొత్త వస్తువును కల్పించినచో అది యెవరి సొత్తు? కళాశాలలో చేర్చునపుడు ఈ ప్రశ్న నడిగిన తండ్రులు మాకు కానరాలేదు.

దివిసీమలో రొయ్యల చెరువుగట్టున పెరిగిన బాలుడొకడు, తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గగనే తనంతట తిరుగు గాలిచక్రమును కడపటియేటి ప్రాజెక్టుగా నిర్మించెననుకొందము. 1970 నాటి పేటెంటు చట్టమున దరఖాస్తు హక్కు నిజమైన తొలి కల్పకునిది, లేదా అతడు వ్రాసియిచ్చిన వానిది. 1957 నాటి కాపీరైటు చట్టమునను కర్తయే తొలి హక్కుదారు. ఉద్యోగి కొలువులో భాగముగ వ్రాసినది మాత్రము సామాన్యముగ యజమానికి చెందును.

విద్యార్థి ఉద్యోగి కాడు. పాలేరుచే దున్నించిన చేని పంట ఆసామిది. కౌలు చెల్లించినవాని పంట కౌలుదారుది. ఈ న్యాయము మన పాఠకులకు మేము నేర్పవలసినది కాదు. కళాశాలలో జీతము చెల్లించువాడు విద్యార్థి, పుచ్చుకొనునది కళాశాల!

అయినను 2019లో కేంద్రప్రభుత్వము విద్యాసంస్థలకై ప్రకటించిన జాతీయ నవకల్పనా విధానము, సంస్థ ధనమును వసతులను విశేషముగ వాడి చేసినదియు, పాఠ్యక్రమములో భాగముగ పుట్టినదియు సంస్థకును కల్పకునకును ఉమ్మడి యనుచున్నది. మొదటిదానికి మేమభ్యంతరము చెప్పము. లక్షల విలువగల యంత్రమును వాడుకొననిచ్చిన సంస్థ పాలు కోరుట సమంజసమే. రెండవది మాకు మింగుడుపడదు. ప్రాజెక్టు చేయనిదే పట్టము రాదు. రుసుము గైకొని, తప్పనిసరిగ చేయించి, పిమ్మట ఫలమున వాటా కోరుట యే ధర్మము?

కళాశాల పేర దాఖలు చేసిన ఖర్చు తగ్గునను మాటయు నిలువదు. 2021లో విద్యాసంస్థలకిచ్చిన 80 శాతము రాయితీ వ్యక్తులకు అంతకుముందే కలదు. ఏజెంటు ఖర్చు వేరు. దానిని కళాశాల భరించునేని ఆ లెక్క ముందుగనే వ్రాసికొనవచ్చును.

ప్రవేశమునాడు సంతకములు పెట్టించు కాగితముల కట్టలో ఈ హక్కుల మాట యున్నదేమో తల్లిదండ్రులు చదువవలెను. 18 ఏండ్లు నిండనివాని యొప్పందము 1872 నాటి చట్టము ముందు చెల్లదు. ఆ దినమున మన పిల్లలలో ననేకులకు 17 ఏండ్లే. కావున విశ్వవిద్యాలయములు తమ నియమములను తెలుగున అచ్చువేసి ముందుగ పంచి, ప్రాజెక్టు మొదలిడునాడు, వయసు వచ్చిన విద్యార్థి చదివి యంగీకరించిన పిమ్మటనే సంతకము గైకొనవలెనని కోరుచున్నాము.